పర్లాకిమిడి గ్యాసు ఏజెన్సీలో నాలుగేళ్ల యాప్

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలోని ఒక గ్యాసు ఏజెన్సీలో ఫిర్యాదులు రాసుకుని మెకానిక్కులను ఇళ్లకు పంపడం నా పని. నాలుగేళ్లుగా అందుకు ఒక యాప్ వాడుతున్నాను.

రోజువారీ పనులకు ఇది ఎంతో మేలు చేసింది. ఇదివరకు ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో తెలుసుకోవడానికి అందరికీ ఫోన్లు చేయవలసి వచ్చేది. ఇప్పుడు పొయ్యి మరమ్మతులు, కొత్త కనెక్షన్లు, అయిదేళ్లకోసారి జరిగే తప్పనిసరి తనిఖీలు పొద్దున్నే ఊళ్లవారీగా పంచేస్తుంది. ఒకే వీధికి ఇద్దరు వెళ్లడం ఆగిపోయింది.

నా పేచీ అంతా లీకు ఫిర్యాదుల దగ్గరే. పటం మీద తిన్నగా కొలిచి, ఎవరు దగ్గరగా ఉంటే వారికి పని అప్పగిస్తుంది. కాశీనగర్ వైపు మైదానంలో అది సరిపోతుంది. గుమ్మ వైపు కొండలు. పటంలో పక్కనే కనిపించే మనిషి నిజానికి కొండకు అవతల ఉంటాడు. కిందటి వానాకాలంలో అలాగే ఒకరిని పంపింది. పట్టణం నుంచి బయలుదేరినవారే ముందు చేరేవారు. అతను వచ్చేదాకా ఆ ఇంటి ఇల్లాలితో ఫోనులోనే ఉన్నాను. ఆమె అప్పటికే రెగ్యులేటర్ ఆపేసి, తలుపులు తీసి, పిల్లలతో ఆరుబయటకు వచ్చేసింది. స్విచ్చులు ముట్టుకోవద్దని, వాసన తగ్గినట్టున్నా లోపలికి వెళ్లవద్దని పదేపదే చెప్పాను. వంటగ్యాసు గాలికన్నా బరువు, నేలను అంటుకునే ఉంటుంది. అక్కడ సిగ్నల్ ఉండబట్టి ఆ మాత్రమైనా చెప్పగలిగాను. ఆ మర్నాటి నుంచి లీకులకు యాప్ ఎంపికను ఆపేసి, మనిషిని నేనే ఎంచుతున్నాను.

సిగ్నల్ లేని ఊళ్లలో మెకానిక్ పూర్తిచేసిన పని అతని ఫోనులోనే భద్రంగా ఉంటుంది. ఇప్పటివరకు ఒక్కటీ పోలేదు. కానీ అతను కొండ దిగేదాకా నా తెర మీద ‘జరుగుతోంది’ అనే ఉంటుంది, లీకు విషయంలో ఆ నిరీక్షణ భరించలేను.

పేర్ల చిక్కు ఇంకా తీరలేదు. మనం పర్లాకిమిడి అంటాం, ఒడియాలో పారళాఖెముండి అంటారు. యాప్ వీటిని రెండు ఊళ్లుగా లెక్కేస్తుంది. రెండు రాష్ట్రాల అంచున పనిచేసేవారు కొనేముందు తమ ఊళ్ల పేర్లన్నీ రెండు రకాలుగానూ వెతికి చూడండి.

గ్యాసు లీకుల అత్యవసర ఫోను నంబరు 1906కు వచ్చే ఫిర్యాదులు మా యాప్‌లోకి వాటంతట అవి రావు. కబురు అందగానే ముందు మెకానిక్‌కు ఫోను చేస్తాను, ఆ తరువాతే యాప్‌లో ఎక్కిస్తాను.