కంఠస్థమైన కీర్తన, కళ్ళ ముందరి పడవ

మనసు కలత చెందినప్పుడు లేఖనాన్ని ఆశ్రయించే విశ్వాసి ముందు రెండు మార్గాలున్నాయి. దేవుణ్ణి పచ్చికలో పరుండజేసే కాపరిగా చెప్పే బైబిలులోని 23వ కీర్తనను కంఠస్థం చేసి, మాటమాటకూ ఆగుతూ వల్లించడం మొదటిది. ఆరు వచనాలే కనుక, చదువురానివారు కూడా విని నేర్చుకొని, నిద్రపట్టని రాత్రి చీకటిలోనే చెప్పుకోగలరు. వేసవిలో మేతను, నీటిని వెతుక్కుంటూ మందలను దూరం తోలుకుపోయే పాలమూరు కాపరులను చూసినవారికి ఆ పచ్చిక విలువను వేరుగా వివరించనక్కరలేదు.

రెండవది, సువార్త దృశ్యంలోకి ఊహతో ప్రవేశించడం. పదహారవ శతాబ్దపు కతోలిక గురువు ఇగ్నేషియస్ లొయోలా బోధించిన ఈ పద్ధతిని వివరించే గ్రంథాన్ని 1548లో పోప్ మూడవ పౌలు ఆమోదించారు. మార్కు సువార్త 4వ అధ్యాయంలోని తుపానునే తీసుకుందాం. నాగార్జునసాగర్ జలాశయం గట్టున గాలి హోరును విన్న నల్లగొండవాసి కళ్ళు మూసుకుంటే, పడవలోకి ఎగిసిపడే అలలు, తడిసిన చెక్క, పడవ వెనుక భాగంలో తలగడ మీద నిద్రిస్తున్న యేసు, భయంతో ఆయనను లేపుతున్న శిష్యులు కనిపిస్తారు. ఆ పడవలో తాను ఎక్కడ కూర్చున్నదీ, ఏమని కేక వేయదలచినదీ అతడు తనను తాను అడుగుతాడు. కీర్తన భయాన్ని నెమ్మదింపజేస్తే, ఈ దృశ్యం ముందు దానిని దాచకుండా పలికిస్తుంది.

అందుచేత, దుఃఖం ముదిరినప్పుడు నేను రెండవదానినే ఎంచుకుంటాను. అయితే వాక్యంలో లేని మాటలను ప్రభువు నోట పెట్టకూడదు. ఊహించే ఓపిక కూడా లేనంతగా అలసిన రాత్రి మాత్రం నాకు కీర్తనే ఆధారం.