మూతే రెండో గిన్నె: పాత వెండిపూత ఆంట్రే డిష్‌తో నా అనుభవం

ఈ పాత్రలో నాకు నచ్చినదంతా దాని మూతలోనే ఉంది. ఇ.పి.ఎన్.ఎస్. అంటే నికెల్ సిల్వర్ అనే లోహం మీద విద్యుత్తుతో వెండిపూత వేసిన సామాను; ఆ లోహం రాగి, నికెల్, జింకుల మిశ్రమం, పేరులో తప్ప దానిలో వెండి ఉండదు. పాత సామాను సేకరించేవారికి ఇవి తెలిసినవే కనుక అంతకు మించి చెప్పడం లేదు. నేను రాస్తున్నది ఆంగ్లేయులు భోజనబల్ల మీద కూరలు వడ్డించడానికి వాడిన ఆంట్రే డిష్ గురించి: లోతు తక్కువగా ఉండే పలకల గిన్నె, దాని మీద సరిగ్గా కూర్చునే మూత, మూత నడిమధ్య ఒక పిడి. విశాఖపట్నం వన్‌టౌన్‌లోని ఒక పాత సామాను దుకాణంలో దీనిని కొన్నాను. అడుగున ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఊరి పేరు, ఇ.పి.ఎన్.ఎస్. అక్షరాలు, ఏ1 అనే ముద్ర ఉన్నాయి. ఈ ఏ1 ను చూపించి ధర పెంచే అమ్మకందారులు ఉన్నారు కానీ, అది తయారీదారు తన సరుకుకు తానే ఇచ్చుకున్న తరగతి మాత్రమే. అసలు వెండికి వేసే హాల్‌మార్కుతో దానికి సంబంధం లేదు.

కొన్న తరువాత చాలాకాలం ఆ పిడి కొద్దిగా కదులుతూనే ఉండేది. వడ్డించేటప్పుడు మూత జారి ఎవరి విస్తట్లో పడుతుందోనని, టంకం పెట్టించడానికి కురుపాం మార్కెట్‌లో వెండి పని చేసే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన మంట వెలిగించనే లేదు. మూతను వెనక్కి తిప్పి చూసి, మళ్లీ ముందుకు తిప్పి, పిడి మొదట్లో ఒక చుక్క నూనె వేసి కాసేపు పక్కన పెట్టారు. తరువాత గుడ్డతో పట్టుకుని పావు చుట్టు తిప్పేసరికి పిడి మొత్తం ఆయన చేతిలోకి వచ్చేసింది. "ఇది ఊడిపోయింది కాదమ్మా, తీసుకోవడానికే ఇలా చేశారు. టంకం పెట్టేస్తే ఇక జన్మలో రాదు" అని చెప్పి, మూతను వెల్లకిలా పెట్టి నా ముందుకు జరిపారు. అది అచ్చంగా ఇంకొక గిన్నె. నిజానికి ఆ కాలపు ఆంట్రే డిష్‌లు చాలా మటుకు ఇలా రెండు పాత్రలుగా వాడుకునేలానే తయారయ్యాయి. అమ్మినవారికి ఆ సంగతి తెలిసి ఉంటే నాకు ఆ ధరకు దక్కేది కాదేమో. పెద్దాయన డబ్బులు కూడా పుచ్చుకోలేదు.

అంతకన్నా ఎక్కువ సంతోషం కలిగించినది మూత లోపలి భాగం. పైవైపు తోమి తోమి అంచుల దగ్గర పూత అరిగిపోయి, అడుగు లోహం లేత పసుపు ఛాయలో బయటపడింది. లోపలివైపు ఎవరి కంటా పడదు కనుక తరతరాలుగా ఎవరూ దానిని అంతగా రుద్దినట్టు లేదు. అక్కడ వెండి నిండుగా, తెల్లగా నిలిచి ఉంది. 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్లు విద్యుత్తుతో పూత వేసే పద్ధతికి పేటెంటు పొందిన తరువాత వచ్చిన సామానులో, పాత్ర పూర్తిగా తయారయ్యాకే పూత వేస్తారు కనుక లోపలా బయటా వెండి పడుతుంది. అందువల్ల ఇప్పుడు మా ఇంట్లో గారెలు, బూరెలు ముందుగా చేరేది మూతలోకే, గిన్నెలోకి కాదు.

ఇంతగా మెచ్చుకున్న మూతకు తన తిప్పలు తనకున్నాయి. పిడి తీసిన చోట బిగింపు భాగం కాస్త పైకి పొడుచుకుని ఉంటుంది కనుక కింద మందపాటి గుడ్డ వేయకుండా బల్ల మీద పెడితే గీత పడుతుంది. వేడి ఇడ్లీల మీద మూతగా వాడితే ఆవిరి లోపల నీరై కారుతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆ బిగింపు సందే. మాది పెదవాల్తేరు, సముద్రపు గాలి నేరుగా ఇంట్లోకి వస్తుంది. కడిగిన తడి ఆ సందులో ఏమాత్రం మిగిలినా ఉప్పుగాలి తోడై పచ్చని చిలుము పడుతుంది. ఒక వర్షాకాలం వాడకుండా బీరువాలో ఉంచేసరికి పిడి బిగుసుకుపోయి, మళ్లీ నూనె వేసి ఓపికగా కదిలించవలసి వచ్చింది. సముద్రానికి దూరంగా అనకాపల్లిలో మా చెల్లెలి ఇంట ఉన్న ఇదే రకం గరిటెలు ఇంత తొందరగా మసకబారవు.

మన వంటలతో దీనికి పడదన్న మాట చాలావరకు నిజమే, అయితే పూర్తిగా కాదు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర కొద్దిసేపు ఉన్నా ఆవలోని గంధకం వల్ల చుట్టూ నల్లని చార పడుతుంది. ఉల్లి, కోడిగుడ్డు కూడా అదే పని చేస్తాయి. చింతపండు పులుపు, ఉప్పు అరిగిన చోట అడుగు లోహాన్ని తాకుతాయి కనుక పులిహోర, పచ్చళ్లు ఇందులో పెట్టను. పాయసానికి గాజు గిన్నెను లోపల దించి వాడుతున్నాను.

నలుపు పోగొట్టడానికి పళ్లపొడి, విభూతి మానేశాను. అవి నలుపుతో పాటు వెండిని కూడా గీరేస్తాయి. వేడినీళ్లలో తినే సోడా కలిపి, అల్యూమినియం రేకు అడుగున పరచి, పాత్ర దానికి తగిలేలా ముంచితే గంధకం అల్యూమినియం వైపు వెళ్లి వెండి మాత్రం పాత్ర మీదే నిలుస్తుంది. లోపం ఏమిటంటే, చెక్కుడు పూల మధ్య లోతుల్లో అందంగా నిలిచిన పాత నలుపు కూడా పోయి, పాత్ర కొంత వెలితిగా కనిపిస్తుంది. తీసిన వెంటనే బిగింపు సందును ఎండలో ఆరబెట్టక తప్పదు. రబ్బరు బ్యాండ్లు మాత్రం దగ్గరకు రానివ్వకండి; వాటిలోని గంధకం పాత్ర మీద గీతల్లా అచ్చు పడుతుంది.

మళ్లీ పూత వేయిస్తే కొత్తగా మెరుస్తుందని కొందరు సలహా ఇచ్చారు. పూతకు ముందు పట్టే మెరుగులో చెక్కుడు పని అరిగిపోతుందని నేను ఒప్పుకోలేదు. ఇంట్లో ఇద్దరమే ఉండి, పండగలకు మాత్రమే దీనిని బయటకు తీసే మాకు ఇది ఇచ్చిన ధరకు మించి పనికివచ్చింది. రోజూ పదిమందికి పులుసు వడ్డించే ఇల్లయితే, అందులోనూ బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉంటే, నేను గట్టిగా కొనమని చెప్పలేను. కొనదలచినవారు దుకాణంలోనే పిడిని మెల్లగా తిప్పి చూడండి. ఎవరైనా టంకం పెట్టేసి ఉంటే అది ఒక గిన్నె, ఒక మూత మాత్రమే కనుక ధర కూడా అంతవరకే ఇవ్వాలి.