ఇరవై ఏళ్ళు విన్నాక తెలిసింది, అది అసలు పాట కాదని

ముందే చెప్పేస్తున్నా, ఇది కోపంతో రాస్తున్న సమీక్ష. చల్లారాక రాద్దామని దాదాపు ఏడాది ఆగాను. కొంచెం చల్లారింది గానీ పూర్తిగా పోలేదు.

ఇంగ్లండు బ్యాండు న్యూ ఆర్డర్ వాళ్ళ 'సబ్‌స్టెన్స్' ఆల్బం, రెండు సీడీల సెట్టు, నా దగ్గర 2004 నుంచి ఉంది. మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌లో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, పాత బట్టలూ పాత పింగాణీ కప్పులూ అమ్మే చారిటీ షాపులో మూడు పౌండ్లు పెట్టి కొన్నాను. తెల్లటి అట్ట. డబ్బా మూత ఒక పక్క విరిగింది, లోపల ఉండాల్సిన చిన్న పుస్తకం ఎవరో తీసేసుకున్నారు. ఆ బ్యాండు ఎవరో కూడా తెలియదు నాకు, తక్కువకి వస్తోందని కొన్నానంతే. అందులో పాడే బెర్నార్డ్ సమ్నర్, బేస్ వాయించే పీటర్ హుక్ ఇద్దరూ నేను అద్దెకుంటున్న సాల్ఫర్డ్ కుర్రాళ్ళేనని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ డిస్కులు నాతోపాటు ఐదు ఇళ్ళు మారాయి, హైదరాబాద్ వచ్చాయి, మూడు కార్లెక్కాయి. ఇప్పటి కారులో సీడీ పెట్టే చోటే లేదు, అందుకని డిస్కుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి వింటున్నా.

ఇన్నేళ్ళలో ఎవరడిగినా ఒకటే మాట చెప్పేవాణ్ణి: ఎనభైల నాటి ఇంగ్లండు పాటలు వినాలంటే ఇదొక్కటి చాలు, ఇంకేమీ కొనక్కర్లేదు అని. ఆ మాట విని కొన్నవాళ్ళు కనీసం నలుగురున్నారు. వాళ్ళకి ఈ రాత ఒక రకంగా క్షమాపణ.

వీళ్ళ పాత బ్యాండు జాయ్ డివిజన్ సంగతీ, 1980లో అందులో పాడే ఇయాన్ కర్టిస్ పోయాక మిగిలినవాళ్ళు న్యూ ఆర్డర్ అని పేరు మార్చుకుని నిలబడ్డ సంగతీ అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. ఈ ఆల్బం ఎందుకు పుట్టిందో మాత్రం చెప్పాలి, నా గొడవకి అది కావాలి. వాళ్ళ పాటలు చాలా పన్నెండంగుళాల సింగిల్ రికార్డులుగా విడివిడిగా వచ్చాయి, ఆల్బమ్‌లలో ఉండవు. వాళ్ళ రికార్డు కంపెనీ ఫ్యాక్టరీ రికార్డ్స్‌ని నడిపిన టోనీ విల్సన్‌కి తన కారులో సీడీ ప్లేయర్ ఉంది, అందులో ఈ సింగిల్స్ అన్నీ వరసగా వినాలని ముచ్చట పుట్టింది. అలా 1987లో ఇది వచ్చింది. అంటే కారు కోసమే పుట్టిన ఆల్బం. నేనూ కారులోనే విన్నాను కాబట్టి దీన్ని సరిగ్గా వాడినవాణ్ణి నేనేనని లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

పోయినేడు ఆఫీసు పని మీద మాంచెస్టర్ వెళ్ళినప్పుడు, స్టాక్‌పోర్ట్‌లో ఉండే ఒక డాక్టరు గారింటికి భోజనానికి వెళ్ళాను. గుంటూరులో చదువుకుని 1979లో అక్కడికి వెళ్ళిపోయిన మనిషి. రిటైరయ్యారు. చదువుకునే రోజుల్లో పండగలకి మమ్మల్ని పిలిచి అన్నం పెట్టిన ఇల్లది. భోజనాలయ్యాక మాటల్లో ఈ సీడీ ఊసొచ్చింది. 'టెంప్టేషన్' పాటంటే ప్రాణమని, పరీక్షలకి ముందు రాత్రి, నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు, మా అమ్మాయి పుట్టిన రోజు తెల్లవారుజామున కూడా అదే విన్నానని చెప్పాను. ఆయన వింటూ వింటూ,

"ఏదయ్యా, ఆ సబ్‌స్టెన్స్‌లో ఉన్నదా? అది ఆ పాట కాదుగా" అన్నారు.

"అదే డాక్టరు గారూ, 1982ది."

"పాట 1982దే. నువ్వు విన్నది 1987లో మళ్ళీ పాడి పెట్టింది. ఉండు."

మేడ మీదికి వెళ్ళి పన్నెండంగుళాల రికార్డు పట్టుకొచ్చారు. ఆస్పత్రి క్వార్టర్స్‌లో తనతో ఉన్న ఒక ఐరిష్ డాక్టరు ఊరెళ్ళిపోతూ వదిలేసిన వాటిలో అదొకటిట. పాత పంచె ముక్కతో దుమ్ము తుడిచారు. వంటింట్లోంచి ఆవిడ, "మళ్ళీ మొదలెట్టారా?" అన్నారు. ముల్లు ఆనింది, చిటచిటలు మొదలయ్యాయి.

నా పరిస్థితి ఎలా చెప్పాలి? చిన్నప్పట్నుంచి తెలిసిన మనిషికి ఒక అన్న ఉన్నాడని, వాడు ఇంకా అల్లరివాడని, వాణ్ణి మనకి ఇన్నాళ్ళూ పరిచయం చెయ్యలేదని తెలిస్తే ఎలా ఉంటుంది? అలా ఉంది. నాకు తెలిసిన పాట ఆరు నిమిషాల యాభై తొమ్మిది సెకన్లు. ఇది ఎనిమిది ముప్పావు నిమిషాల దాకా నడిచింది. నాకు తెలిసిన పాటలో డ్రమ్ములు ఇస్త్రీ చేసినట్టుంటాయి, గొంతు తన చోట తను కుదురుగా ఉంటుంది. ఇందులో గొంతు ఊగుతోంది, శ్రుతి అంచుల మీద నడుస్తోంది, ఊపిరి అందట్లేదు. ఒకచోట మనిషి ఉన్నట్టుండి కేక పెట్టాడు. పాడుతుంటే వెనక నుంచి ఎవరో చొక్కాలో మంచు ముద్ద వేశారని, ఆ కేక అలాగే ఉంచేశారని చెప్పుకుంటారట. డాక్టరు గారు ఆ కేక దగ్గర వేలెత్తి, "ఇదిగో, ఇదీ!" అన్నారు, త్యాగరాజ కృతిలో సంగతి పట్టుకున్నట్టు.

పాట చివర్లో కళ్ళ రంగులు వరసపెట్టి చెప్పే చోటొకటి ఉంది. ఆకుపచ్చ, నీలం, బూడిద రంగు. "మన కళ్ళ రంగు ఆ పట్టీలో లేదయ్యా, నలభై ఏళ్ళుగా చూస్తున్నా" అన్నారాయన. నాకు నవ్వొచ్చింది గానీ అప్పటికే లోపల మండుతోంది. నా కాపీ వెనక పట్టీలో ఒట్టి పాట పేరే ఉంది. సింగిల్స్ అన్నీ ఒకచోట అని నమ్మి ఇరవై ఏళ్ళు విన్నాను.

హోటల్‌కి వచ్చాక నిద్ర పట్టలేదు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కొక్క పాటా పట్టుకుని కూర్చున్నా. 'కన్‌ఫ్యూజన్' కూడా 1987లో మళ్ళీ చేసిందే. 1983లో న్యూయార్క్‌లో ఆర్థర్ బేకర్ అనే ప్రొడ్యూసర్‌తో చేసిన అసలుది ఎనిమిది నిమిషాలు దాటుతుంది, ఇక్కడున్నది ఐదు నిమిషాలు కూడా లేదు. మొట్టమొదటి పాట 'సెరిమొనీ' ముగ్గురుగా ఉన్నప్పటిది కాదు, కీబోర్డు వాయించే గిలియన్ గిల్బర్ట్ చేరాక 1981లో రెండోసారి రికార్డు చేసింది. 'షెల్‌షాక్'కి కత్తెర పడింది. నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండింది 'ద పర్ఫెక్ట్ కిస్' దగ్గర. మధ్యలో వానాకాలం చెరువుగట్టు మీదలా కప్పలు అరిచే పాట, చివర్లో అన్ని వాద్యాలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపందుకునే పాట. సీడీలో దానికి దాదాపు ముప్పావు నిమిషం కోత. పన్నెండు పాటల్నీ ఒకే డిస్కులో ఇరికించాలంటే ఎక్కడో కొయ్యాలి కదా. రికార్డు కొన్నవాళ్ళకి మొత్తం పాట, డిస్కు కొన్న నాకు తోక లేని పాట. కారు కోసం పుట్టిన ఆల్బం అని మురిసిపోయాను చూడండి, ఆ కారు సీడీ కోసమే పాటని కోశారు.

కోపం పక్కన పెట్టి మిగతావాటి గురించి చెబుతా. ఈ ఏడాదిలో డిస్కు మొత్తం మళ్ళీ నాలుగైదుసార్లు విన్నా.

'బ్లూ మండే' ఒక్కటున్నా పెట్టిన డబ్బు గిట్టుబాటే అని ఒకప్పుడు అనేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. ఇంగ్లండులో పన్నెండంగుళాల సింగిల్స్‌లో దాన్ని మించి అమ్ముడైంది లేదు, నిజమే. ఆ డ్రమ్ మెషీన్ దడదడ ఇప్పటికీ సీటు వెనక తగులుతుంది. గొంతు రావడానికి రెండు నిమిషాలు పైనే పడుతుంది, నాకు అసలు పాట ఆ రెండు నిమిషాలే. తర్వాతది పెళ్ళిళ్ళలో, ప్రకటనల్లో, జిమ్ములో విని విని అరిగిపోయింది. ఒక్క సంగతి మాత్రం ఇప్పటికీ నచ్చుతుంది. అందులో మీటే చిన్న సింథ్ వరసని గిలియన్ ఒక్కొక్క స్వరం చేత్తో లెక్కపెట్టి యంత్రంలో ఎక్కించింది. ఎక్కడో ఒక స్వరం జారిపోయింది. దాంతో ఆ వరస డ్రమ్ములతో సరిగ్గా కలవదు, ఒక అడుగు పక్కకి నడుస్తుంది. సరిదిద్దకుండా వదిలేశారు. పొరపాటుని అలాగే ఉంచే ధైర్యం ఉన్నవాళ్ళు నా 'టెంప్టేషన్'ని ఎందుకు ఇస్త్రీ చేశారో మరి!

హుక్ బేస్ గురించి రాస్తే ఇక్కడితో ఆగదు. ఇళయరాజా పాటల్లో గొంతుని వదిలేసి బేస్ గిటారు వెంట చెవి పెట్టే అలవాటున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు, వాళ్ళకి ఈ ఆల్బం పండగ. కింది తంత్రుల మీద గుబగుబలాడించడం కాదు, పై తంత్రుల మీదికెక్కి రాగం తీస్తాడు. మొదట్లో గిటారు మోతలో తన వాయింపు తనకే వినబడక పైకెక్కి వాయించడం మొదలుపెట్టాడట, అదే ముద్రైపోయింది. 2007లో బ్యాండు వదిలేశాడు. తర్వాత కోర్టుల దాకా వెళ్ళారు. ఆ మధ్య తన సొంత బృందంతో ఈ ఆల్బం పాటలన్నీ వేదిక మీద వాయించాడు. ఇక్కడ మాత్రం నలుగురూ కలిసే ఉన్నారు.

'బిజార్ లవ్ ట్రయాంగిల్', 'ట్రూ ఫెయిత్' రెండూ ఇప్పటికీ కొత్తగానే ఉన్నాయి. రెండోది ఈ ఆల్బం అప్పుడే కొత్తగా చేసింది కాబట్టి దాని మీద నాకే అనుమానమూ లేదు, ప్రశాంతంగా వింటున్నా. 'సబ్‌కల్చర్' మాత్రం అప్పుడూ దాటేసేవాణ్ణి, ఇప్పుడూ దాటేస్తున్నా. వెనక పాడే ఆడవాళ్ళ గొంతులు వేరే పెళ్ళిలోంచి దారి తప్పి వచ్చినట్టుంటాయి.

రెండో డిస్కుని ఇన్నేళ్ళూ సరిగ్గా వినలేదని ఒప్పుకోవాలి. సింగిల్స్‌కి వెనక వైపు ఉండే పాటలు కదా, మిగిలిపోయిన కూరేలే అనుకున్నా. ఈసారి అలక మీద మొదటి డిస్కుని పక్కన పెట్టేసరికి దీని వంతు వచ్చింది. 'ఇన్ ఎ లోన్లీ ప్లేస్' కర్టిస్ బతికున్నప్పుడు పుట్టిన పాట, శవం వెంట నడిచినట్టు నింపాదిగా సాగుతుంది. రాత్రి పదకొండింటికి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక్కణ్ణే వింటుంటే, టోల్ గేటు దగ్గర కిటికీ దించడం మర్చిపోయి వెనక లారీవాడితో హారన్ కొట్టించుకున్నా. '1963' అయితే ముందువైపు ఉండాల్సిన పాట.

మరి కొనచ్చా అంటే, మీ సంగతి నాకు తెలియదు. మొదటిసారి వినేవాళ్ళయితే ఇప్పటికీ ఇదే చెబుతాను, కాకపోతే 'ఇదొక్కటి చాలు' అనను. 2023లో మెరుగుపరిచి నాలుగు డిస్కులుగా వేశారు, ఆల్బం వచ్చిన కొత్తలో కాలిఫోర్నియాలో ఇదే వరసలో వాయించిన కచేరీ కూడా అందులో ఉంది. నాలాంటివాడికి అది తూకం వేసుకోవాల్సిన బేరం. రికార్డు ప్లేయర్ ఉన్నవాళ్ళు పాత సింగిల్స్ ఒక్కొక్కటీ వెతుక్కోవడం మేలు, ఖర్చు మాత్రం మీ ఇంట్లోవాళ్ళకి చెప్పకండి. నాకు ఇంట్లో ప్లేయరూ లేదు, దాన్ని పెట్టే చోటూ లేదు.

డాక్టరు గారు ఆ రికార్డు తీసుకెళ్ళిపొమ్మన్నారు, నేనే వద్దన్నాను. నెల తర్వాత ఆయనే దాన్ని పెట్టి, పక్కన ఫోన్ ఉంచి రికార్డు చేసి వాట్సాప్‌లో పంపారు. ముల్లు చిటచిటలున్నాయి, మంచు కేక ఉంది. సరిగ్గా నాలుగో నిమిషంలో వాళ్ళింటి కుక్కర్ రెండు విజిళ్ళు వేసింది. కారులో ఇప్పుడు రెండూ ఉన్నాయి. చెయ్యి అలవాటు కొద్దీ 1987 దాని మీదికే పోతోంది. కాకపోతే మా అమ్మాయి మొన్న పక్క సీట్లో కూర్చుని, "నాన్నా, విజిల్ ఉన్నది పెట్టు" అంది.