నిరుటి లాంగ్‌హార్న్స్ మేలా, ఈ ఏటి లాంగ్‌హార్న్స్ మేలా?

ఇది 2025 ఆగస్టులో, సీజన్ మొదలవకముందు రాస్తున్నది. ఆగస్టు 30న కొలంబస్‌లో ఒహాయో స్టేట్‌తో టెక్సాస్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 2025 సీజన్ మొదలవుతోంది. అసోసియేటెడ్ ప్రెస్ పోల్‌లో మన లాంగ్‌హార్న్స్‌కి నంబర్ వన్ ర్యాంకు ఇచ్చారు. సీజన్ మొదలవకముందే ఆ పోల్‌లో మొదటి స్థానం రావడం జట్టు చరిత్రలోనే ఇది తొలిసారి. ఆస్టిన్‌లో ఎవర్ని కదిపినా ఈసారి ఆట నడిపించబోయే ఆర్చ్ మ్యానింగ్ కబుర్లే. నా మనసు మాత్రం ఇంకో ప్రశ్న చుట్టూ తిరుగుతోంది. నిరుటి జట్టు 13 గేములు గెలిచి జాతీయ సెమీఫైనల్ దాకా వెళ్లింది. అందులోంచి 12 మంది, ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎంపికై వెళ్లిపోయారు. మరి ఈ జట్టు దానికన్నా మేలైనదని దేన్ని చూసి అనుకోవాలి?

ఇండియాలో ఉండి ఈ ఆటను అంతగా చూడనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. ఇక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే విద్యార్థుల పోటీ అని తేలిగ్గా తీసుకునేది కాదు. ఆస్టిన్‌లో మన స్టేడియంలో దాదాపు లక్ష మంది కూర్చుంటారు. ఒక్కో జట్టు రెగ్యులర్ సీజన్‌లో 12 గేములు ఆడుతుంది. చివర్లో ఒక కమిటీ 12 జట్లను ప్లేఆఫ్‌కు ఎంపిక చేస్తుంది. అంటే ఆడేది తక్కువ, ఒక్క ఓటమికే లెక్కలన్నీ మారిపోతాయి. టెన్షన్ అంతా అక్కడే. మనం చివరిసారి జాతీయ టైటిల్ గెలిచింది 2005 సీజన్‌లో. 2006 జనవరిలో రోజ్ బౌల్‌లో విన్స్ యంగ్ యూఎస్‌సీ మీద 41-38తో గెలిపించాడు. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు ఇదే యూనివర్సిటీలో చదువుకుంటున్నారు.

ముందు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని పాసులు విసిరి ఆట నడిపించేవాడి సంగతి చూద్దాం. నిరుటి క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూయర్స్‌కి మనవాళ్లు చాలామంది ఇవ్వాల్సినంత గౌరవం ఇవ్వలేదన్నది నా గట్టి అభిప్రాయం. నిరుడు అతను 3,472 గజాలు, 31 టచ్‌డౌన్లు (బంతిని గోల్ లైన్ దాటించి తెచ్చే స్కోర్లు) విసిరాడు. కడుపు పక్క కండరం దెబ్బతిన్నా, చీలమండ నొప్పి పెడుతున్నా ఆడాడు. ప్లేఆఫ్ క్వార్టర్‌ఫైనల్ అయిన పీచ్ బౌల్‌లో అరిజోనా స్టేట్‌తో ఓవర్‌టైమ్. ఈ ఆటలో నాలుగు డౌన్లలో, అంటే నాలుగు ప్రయత్నాల్లో, 10 గజాలు ముందుకు పోకపోతే బంతి ఎదుటివాళ్లకు పోతుంది. అది నాలుగో డౌన్, 13 గజాలు కావాలి. ఆగితే సీజన్ ముగిసినట్టే. అప్పుడు మాథ్యూ గోల్డెన్‌కి విసిరిన టచ్‌డౌన్ పాస్ నా కళ్లముందు ఇప్పటికీ అలాగే ఉంది. అంత గుండె నిబ్బరం అందరికీ ఉండదు. అయితే 12 ఇంటర్‌సెప్షన్లూ, అంటే ఎదుటివాళ్ల చేతికి చిక్కిన పాసులూ, అతని ఖాతాలోనే ఉన్నాయి. పైగా ఎదుటివాళ్లు మీదికి దూసుకొస్తే తప్పించుకుని పరిగెత్తే తత్వం కాదు. జార్జియా యూనివర్సిటీ జట్టు అది కనిపెట్టింది. అక్టోబర్‌లో ఆస్టిన్‌కి వచ్చి అతన్ని మళ్లీ మళ్లీ నేలకు దించి, 30-15తో గెలిచి పోయింది.

ఆర్చ్ దగ్గర లేనిది అనుభవం. నిరుడు అతను మొదటినుంచీ ఆడిన గేములు రెండే, లూసియానా మన్రో మీద ఒకటి, మిసిసిపీ స్టేట్ మీద ఒకటి. మొత్తం కలిపి 939 గజాలు, 9 టచ్‌డౌన్ పాసులు, 2 ఇంటర్‌సెప్షన్లు. యూటీఎస్ఏతో గేమ్‌లో యూయర్స్‌కి దెబ్బ తగిలితే బెంచ్ మీదనుంచి లేచి వచ్చి 67 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. యూయర్స్‌లో లేనిదేదో ఆ పరుగులో కనిపించింది. పాస్ అందుకునే రిసీవర్ ఎవరూ ఖాళీగా దొరకనప్పుడు కూడా ఆట అక్కడితో ఆగదు. తన కాళ్లతో 8 గజాలు తెచ్చుకోగలడు. మూడో డౌన్‌లో ఆ 8 గజాల విలువ ఎంతో, ఈ ఆట చూసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆర్చ్ అంటే ఆర్చీ మ్యానింగ్ మనవడు, పేటన్, ఈలైల అన్న కొడుకు. ఆ ముగ్గురూ ఎన్ఎఫ్ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్‌లే. కావాలనుకుంటే ఏ కాలేజీకైనా మారిపోగలడు. ఆడే అవకాశం రాకపోతే కాలేజీ మారాలనుకునేవాళ్ల జాబితా అయిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు వేసుకోవడం మామూలైపోయిన ఈ రోజుల్లో, రెండేళ్లు యూయర్స్ వెనక నిలబడి తన వంతు కోసం ఎదురు చూశాడు. ఆ ఓపిక చూస్తే నాకు అతనిమీద నమ్మకం కుదిరింది.

క్వార్టర్‌బ్యాక్ విషయంలో సీజన్ మొదట్లో నిరుటి జట్టే మేలు. నవంబర్ వచ్చేసరికి ఈ జట్టు మేలవుతుంది. అక్కడిదాకా ఆర్చ్‌ని కాపాడుకోవాలి. కాపాడాల్సింది అతని ముందు నిలబడే ఐదుగురు.

ఈ సీజన్‌కి అసలు కీలకం ఆ అఫెన్సివ్ లైన్ అని నా నమ్మకం. టీవీలో దానిగురించి అర నిమిషం కూడా మాట్లాడరు. నిరుటి లైన్‌లో ఎడమ చివర కెల్విన్ బ్యాంక్స్ ఉండేవాడు. అవుట్‌లాండ్, లొంబార్డీ అవార్డులు రెండూ గెలిచాడు. డ్రాఫ్ట్‌లో తొమ్మిదో పిక్‌గా ఎన్ఎఫ్ఎల్ జట్టు న్యూ ఆర్లీన్స్ తీసుకుంది. మధ్యలో సెంటర్ జేక్ మేజర్స్, అతని ఎడమ పక్కన హేడెన్ కానర్, కుడి చివర కామెరాన్ విలియమ్స్. ఈ నలుగురూ వెళ్లిపోయారు. మిగిలింది డీజే క్యాంప్‌బెల్ ఒక్కడే. పందిరి గుంజలు ఐదింట్లో నాలుగు ఒకేసారి మార్చినట్టు అయింది మన పరిస్థితి.

బ్యాంక్స్ చోటులో ట్రెవర్ గూస్బీ వస్తున్నాడు. బ్యాంక్స్ గాయంతో ఆగిపోయిన మన కాన్ఫరెన్స్ (జట్ల లీగ్) ఎస్ఈసీ ఫైనల్లో జార్జియా మీద ఆ చోట నిలబడింది అతనే కాబట్టి గుండె కొంత కుదుటపడుతుంది. కుడి చివర బ్రాండన్ బేకర్, చాలా పేరుతో వచ్చిన కుర్రాడు కానీ ఇంకా రెండో ఏడే. సెంటర్‌గా కోల్ హట్సన్, అతని పక్కన ఎడమ గార్డ్‌గా కానర్ స్ట్రో పేర్లు వినిపిస్తున్నాయి. ఒక్కొక్కరినీ విడిగా చూస్తే బలహీనులని ఎవర్నీ అనలేం. కానీ లైన్ అనేది ఐదుగురు కలిసి కదలడం. ఎదుటివాడు పక్కకు జరిగి వస్తుంటే ఎవరు ఎవర్ని పట్టుకోవాలో అర క్షణంలో మాట లేకుండా తెలిసిపోవాలి. అది ప్రాక్టీసులో కొంతే వస్తుంది. మిగతాది గేముల్లోనే రావాలి. కోచ్ కైల్ ఫ్లడ్ మంచి పనివాడు. అయినా లక్షమంది అరుస్తుంటే పక్కవాడి మాట కూడా వినపడని ఒహాయో స్టేడియంలో ఈ ఐదుగురికి తొలి పరీక్ష పెట్టడం కష్టమైన విషయమే.

అయితే నిరుటి లైన్ కూడా అంత గొప్పదేమీ కాదని గుర్తుంచుకోవాలి. నిరుటి జాతీయ సెమీఫైనల్ కాటన్ బౌల్ చివర్లో ఏమైంది? ఒహాయో స్టేట్ 21-14తో ముందుంది. మనకు ఒక్క గజం దూరంలో గోల్ లైన్. నాలుగు అవకాశాలు. బంతిని పక్కకు విసిరి పరిగెత్తబోయి 7 గజాలు వెనక్కి పోయాం. చివరికి నాలుగో డౌన్‌లో జాక్ సాయర్ యూయర్స్ చేతిలో బంతి ఊడగొట్టి 83 గజాలు తీసుకెళ్లి టచ్‌డౌన్ చేశాడు. 28-14తో సీజన్ ముగిసింది. సూటిగా ముందుకు తోసి ఒక్క గజం సంపాదించలేమేమో అన్న అనుమానం ఉండబట్టే పక్కకు విసరాల్సి వచ్చింది. అవార్డులున్న లైన్ ఆ గజాన్ని తెచ్చిపెట్టలేకపోయింది. ఆర్చ్‌లాంటి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు క్వార్టర్‌బ్యాక్‌గా ఉంటే ఆ గజం అతనే తెచ్చుకోవచ్చు. ఆ ఒక్క లెక్క నాకు చాలా ధైర్యం ఇస్తోంది.

బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ల వైపు పెద్దగా దిగులు లేదు. నిరుడు 1,064 గజాలు చేసిన ట్రే విజ్‌నర్ ఉన్నాడు. మోకాలి గాయంతో నిరుడంతా కూర్చున్న సీజే బ్యాక్స్‌టర్ తిరిగొచ్చాడు. రిసీవర్లలో గోల్డెన్‌లాంటివాడు ఇప్పటికైతే లేడు. రయన్ వింగోకి వేగం ఉంది, ఈ ఏడాది అతను పెద్దవాడు కావాలి. ఎదుటివాళ్లను అడ్డుకుంటూ పాసులు కూడా అందుకునే టైట్ ఎండ్ గన్నార్ హెల్మ్ చోటుకి కాలిఫోర్నియా యూనివర్సిటీ (కాల్) నుంచి జాక్ ఎండ్రీస్‌ని తెచ్చుకున్నారు, అది మంచి ఎంపిక.

డిఫెన్స్ దగ్గర నేను ఈ ఏటి జట్టు వైపే మొగ్గుతాను. జాదే బ్యారన్ లాంటి, డిఫెన్స్ వెనక వరసలో మేటికిచ్చే థోర్ప్ అవార్డు గెలిచిన ఆటగాడు పోయాక ఈ మాట అనడం చిన్న విషయం కాదని తెలుసు. అయినా వెన్నెముక మిగిలే ఉంది. ఆంథనీ హిల్ నిరుడు 113 ట్యాకిల్స్ చేశాడు, అంటే బంతి ఉన్నవాణ్ని అన్నిసార్లు పడగొట్టాడు. కోలిన్ సిమన్స్ కాలేజీలో తొలి ఏడాదే 9 సాక్స్ తెచ్చాడు, అంటే ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ని పాస్ విసరకముందే నేలకు దించాడు. వెనక సేఫ్టీగా మైకేల్ టాఫ్. స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరి, ఇవాళ డిఫెన్స్‌కి పెద్దదిక్కయ్యాడు. అతను ఒక్కో గేమ్‌లో పరిస్థితిని చదివే తీరు చూడటం నాకు ఎంతో ఇష్టం. లోటు ఎక్కడంటే లైన్ మధ్యలో. ఆల్ఫ్రెడ్ కాలిన్స్, వెర్నన్ బ్రాటన్ ఇద్దరూ పెద్ద గోడల్లాంటివాళ్లు, వెళ్లిపోయారు. వాళ్ల బదులు పోర్టల్ నుంచి నలుగురైదుగుర్ని తెచ్చారు. అందులో హీరో కాను ఒహాయో స్టేట్ నుంచి వచ్చినవాడే. తొలి గేమ్ అతనికి పాత ఊళ్లోనే.

కిక్కర్ విషయం రెండు ముక్కల్లో తేల్చేయొచ్చు. నిరుడు అరిజోనా స్టేట్ మీద చివరి నిమిషాల్లో రెండు ఫీల్డ్ గోల్స్ (బంతిని కాలితో తన్ని తెచ్చే స్కోర్లు) పోయాయి, అందుకే ఓవర్‌టైమ్‌లో ఆ గండం. ఎస్ఈసీ ఫైనల్లో జార్జియా చేతిలో 22-19తో ఓడిన రోజు కూడా కిక్కులు పోయాయి. ఈసారి టెక్సాస్ స్టేట్ నుంచి మేసన్ షిప్లీ వచ్చాడు. ఇక్కడ ఈ ఏటి జట్టే మేలు.

షెడ్యూల్ పోలిక ఆసక్తిగా ఉంటుంది. ఎస్ఈసీలో నిరుడు ఆడిన ఎనిమిది జట్లతోనే ఈసారీ ఆడతాం. ఊళ్లే తారుమారయ్యాయి. నిరుడు ఆస్టిన్‌కి వచ్చిన జార్జియా దగ్గరికి నవంబర్ 15న మనం వెళ్లాలి. నిరుడు ఫ్లోరిడాని 49-17తో చిత్తు చేశాం కానీ అప్పుడు వాళ్ల క్వార్టర్‌బ్యాక్ డీజే లాగ్‌వే గాయంతో ఆడలేదు. అక్టోబర్ 4న గేన్స్‌విల్‌లో అతను ఉంటే ఆ గేమ్ వేరే గేమ్. దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు అస్సలు నచ్చడం లేదు. తర్వాతి శనివారమే డాలస్ స్టేట్ ఫెయిర్‌లోని కాటన్ బౌల్ స్టేడియంలో ఓక్లహోమాతో గేమ్. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఉన్న మన తెలుగువాళ్లకు కారెక్కితే చాలు వెళ్లి చూసిరాదగ్గ గేమ్ ఇదే. నవంబర్ 28 శుక్రవారం టెక్సాస్ ఏ అండ్ ఎమ్ ఆస్టిన్ వస్తోంది, 2010 తర్వాత ఇక్కడ ఆ పోటీ జరగడం ఇదే మొదలు.

మొదటి గేమే ఒహాయో స్టేట్‌తోనా, దానికి బదులు చిన్న జట్టుతో మొదలుపెడితే పోయేది కదా అని చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోను. వాళ్లు నిరుటి జాతీయ చాంపియన్లే అయినా వాళ్లకూ క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయిన్ కొత్తే. డిఫెన్స్ నడిపే మ్యాట్ పట్రీషియా కొత్తే. వాళ్లు కుదురుకున్నాక తలపడటం కన్నా ఇప్పుడే మేలు. ఆగస్టులో ఓడిన జట్టు నవంబర్‌కల్లా దాన్ని దిద్దుకోవచ్చు. నవంబర్‌లో ఓడితే దిద్దుకునే వ్యవధి ఉండదు. తర్వాత శాన్ హోసే స్టేట్, యూటీఈపీ, శామ్ హ్యూస్టన్ వరసగా ఆస్టిన్ వస్తాయి. కొత్త లైన్ కుదురుకోవడానికి ఆ మూడు వారాలూ సరిగ్గా సరిపోతాయి.

ఈ ఏటి జట్టుకు అనుకోని లాభం ఇంకొకటి కలిసొచ్చింది. నిరుడు కమిటీ ర్యాంకుల్లో మనం మూడో స్థానంలో ఉన్నా, కాన్ఫరెన్స్ చాంపియన్లకే మొదటి నాలుగు స్థానాలన్న నిబంధన వల్ల ఐదో సీడ్‌కి జారాం. అరిజోనా స్టేట్, బాయిసీ స్టేట్‌లకు మొదటి రౌండ్ ఆడాల్సిన పని లేకుండా పోయింది, మనం మాత్రం క్లెమ్సన్‌తో అదనంగా ఒక గేమ్ ఆడాం. సెమీఫైనల్‌కి వచ్చేసరికి అది మనకు పదహారో గేమ్. ఒళ్లంతా హూనమైన ఆటగాళ్లతో ఆడాం. ఈసారి ఆ నిబంధన తీసేశారు. ర్యాంకుల్లో మొదటి నాలుగు జట్లకే ఆ విశ్రాంతి. అంటే ఎస్ఈసీ టైటిల్ చేజారినా దారి మూసుకుపోదు.

ఇంతకీ ఏది మేలు? రేపే గేమ్ పెట్టి రెండు జట్లనూ ఎదురెదురుగా నిలబెడితే నిరుటిదే గెలుస్తుందని ఒప్పుకుంటాను. లైన్ తేడా అంత ఉంది. జనవరిలో పెడితే నా ఓటు ఈ ఏటి జట్టుకే. కోచ్ స్టీవ్ సార్కీసియన్ వచ్చిన 2021లో 5 గెలుపులు, తర్వాత 8, 12, 13. కొత్తవాళ్లను సీజన్ పొడవునా పైకి తీసుకురావడం ఆయనకు చేతనవుతుందని ఆ వరస చెబుతోంది. నా అంచనా 10 గెలుపులు, 2 ఓటములు. ఆ రెండూ కొలంబస్, జార్జియా, గేన్స్‌విల్ మూడింట్లో ఏవో రెండు చోట్ల. కొలంబస్‌లో ఓడినా నేను చూసేది స్కోరు కాదు, ఆర్చ్ ఎన్నిసార్లు నేలమీద పడ్డాడన్నది. రెండు మూడుకు మించకపోతే ఈ ఏడాది ప్లేఆఫ్ ఖాయమని అనుకుంటాను. ఇండియాలో ఉన్నవాళ్లకు ఆ గేమ్ శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు మొదలవుతుంది. బంతిని వదిలేసి, మనవాళ్లు బంతితో ముందుకు కదిలే మొదటి రెండు డ్రైవ్‌లూ గూస్బీని, బేకర్‌ని చూడండి.