జిడోవుడిన్‌తో రక్తం తగ్గితే విటమిన్-ఇ మేలా, విటమిన్-సి మేలా, మల్టీవిటమినా?

"ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) మందులు మొదలుపెట్టాక హిమోగ్లోబిన్ పడిపోయింది, ఏ యాంటీఆక్సిడెంట్ వాడమంటారు?" ఈ ఒక్క ప్రశ్నకే ఎన్నిసార్లు విడివిడిగా జవాబు రాశానో లెక్కలేదు. అందుకే ఒకేచోట రాస్తున్నాను.

ఏఆర్‌టీ మందుల్లో రక్తం మీద దెబ్బకు ముందు అనుమానించాల్సింది జిడోవుడిన్‌నే. అది ఎముక మజ్జలో కొత్త కణాల తయారీని అణచివేస్తుంది.

ప్రయోగశాలలో ఆ దెబ్బ నుంచి మజ్జ కణాలను విటమిన్-ఇ కొంత కాపాడింది. కాగితం మీద చూస్తే దీనిదే పైచేయి. కానీ గాజు పాత్రలో జరిగింది మనిషిలోనూ జరుగుతుందన్న హామీ లేదు. పైగా రక్తం పలచబడే మందులు వాడేవారిలో ఎక్కువ మోతాదు రక్తస్రావానికి దారితీయవచ్చు. విటమిన్-సి ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. అయితే ఇనుము లోపం లేనివారికి దానివల్ల కలిసొచ్చేది లేదు. సెలీనియం రోజుకు 400 మైక్రోగ్రాములు దాటితే జుట్టు రాలవచ్చు, గోళ్లు పెళుసు కావచ్చు. రక్తం కోసం దాన్ని కొనకండి.

ఎక్కువమంది చేయి చాచేది మల్టీవిటమిన్ వైపే. నా భయమూ దానితోనే. సీసా తిప్పి వెనుక చీటీ చదవండి. జింక్, ఇనుము, కాల్షియం, మెగ్నీషియం ఉన్నాయా? ఉంటే అవి కడుపులో, మరో ఏఆర్‌టీ మందైన డోలుటెగ్రావిర్‌ను పట్టుకుని రక్తంలోకి సరిగా వెళ్లనివ్వవు. అందుకే డోలుటెగ్రావిర్‌ను ఆ మాత్రకు 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో వేసుకోవాలి. కాల్షియం, ఇనుము మాత్రలైతే భోజనంతోపాటు రెండూ కలిపి వేసుకోవచ్చు. రక్తం పెంచుకోబోయి వైరస్‌కు సందు ఇవ్వడం కంటే పెద్ద నష్టం నాకు కనిపించదు. మోతాదు పెంచితే మేలన్న నమ్మకమూ నిలవలేదు. టాంజానియాలో ఏఆర్‌టీ మొదలుపెట్టిన 3,418 మందితో జరిగిన అధ్యయనంలో బి, సి, ఇ విటమిన్లను పెద్ద మోతాదుల్లో ఇచ్చినా మరణాలు తగ్గలేదు. కాలేయ ఎంజైమ్ ఏఎల్‌టీ పెరగడంతో అధ్యయనాన్ని ముందే ఆపేశారు. ఫలితాలు 2012లో వెలువడ్డాయి.

బీ12 సంగతీ చాలామంది అడుగుతుంటారు. రిపోర్టులో ఎంసీవీ (ఎర్ర కణాల సగటు పరిమాణం) 110 చూసి, మామూలుగా 100 దాటకూడదు కదా అని కంగారుపడి బీ12 ఇంజెక్షన్లకు పరుగెత్తినవారున్నారు. జిడోవుడిన్ వాడేవారిలో ఎర్ర కణాలు అలా ఉబ్బడం మామూలే. మందు సక్రమంగా వేసుకుంటున్నారనడానికి వైద్యులు దాన్నే ఒక గుర్తుగా చూస్తారు. పరీక్షలో బీ12 నిజంగా తక్కువని తేలితేనే ఇంజెక్షన్ పనికొస్తుంది.

ఇన్ని చెప్పాక నా మొగ్గు ఎటో దాచను. వీటిలో ఒకటే ఎంచుకోవాలంటే, ఖనిజాలు కలవని విటమిన్-సి, అదీ చిన్న మోతాదులో, వైద్యునికి చెప్పి. కానీ హిమోగ్లోబిన్ 8 కిందికి జారితే ఏ సప్లిమెంటూ సరిపోదు, అక్కడ మార్చాల్సింది జిడోవుడిన్‌నే. కిడ్నీలు బాగుంటే చాలామందికి మరో ఏఆర్‌టీ మందు టెనోఫోవిర్‌కు మారడం సాధ్యమే. మీకై మీరు మాత్ర ఆపేయకండి. క్షయ వల్ల, ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్ వల్ల కూడా రక్తం తగ్గవచ్చు. అందుకని రక్తపరీక్ష కాగితాలన్నీ తేదీల వరుసలో పెట్టుకుని, ఆ సప్లిమెంటు సీసాను కూడా చేత పట్టుకుని వైద్యుని దగ్గరకు వెళ్లండి.