వీధి పిల్లిని ఇంట్లోకి తెచ్చుకున్నాక టబ్బులో ఏం పోయాలి: ఇసుకా, బెంటొనైటా, టోఫూనా?

మా చిట్టిని చూసిన దగ్గర్నుంచి తెలిసినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. వీధి పిల్లిని తెచ్చుకున్నాం, తిండి తింటోంది, ఒళ్ళో పడుకుంటోంది, కానీ టబ్బులో మాత్రం కూర్చోవడం లేదు, లిట్టర్ (పిల్లి మలమూత్రాల కోసం టబ్బులో పోసేది) ఏది కొనాలి అని. కొట్లో చూస్తే రకరకాల సంచులు. ఇంట్లో పెద్దవాళ్ళేమో ఇసుక పోస్తే సరిపోయేదానికి ఇంత ఖర్చెందుకంటారు. ఈ రెండు మాటల మధ్య నేనూ ఒక నెల నలిగాను.

చిట్టి మూడు రంగుల ఆడపిల్లి. విజయవాడలో మా అపార్ట్‌మెంట్ పక్క స్థలంలో ఇల్లు కడుతున్నప్పుడు అక్కడి ఇసుక కుప్ప మీదే పెరిగింది. ఇల్లు పూర్తయి, వాచ్‌మన్ కుటుంబం వెళ్ళిపోయి, ఇసుక కుప్ప కూడా పోయాక మేం దాన్ని పైకి తెచ్చుకున్నాం. నేను ముందే మంచి వాసన వేసే బెంటొనైట్ (ఒక రకం బంకమట్టి లిట్టర్) సంచీ, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా కొని సిద్ధంగా పెట్టాను. మొదటి రోజంతా చిట్టి ఎక్కడా మూత్రం పోయలేదు. రెండో రోజు అర్ధరాత్రి గుమ్మం దగ్గరి పట్టా మీద పోసింది. మూడో రోజు బాల్కనీలో తులసి కుండీ ఎక్కి, మట్టి తవ్వి, పని ముగించుకుని చక్కగా కప్పేసి దిగింది.

అత్తయ్యగారు చాలా బాధపడ్డారు. కుండీ మార్చి, మొక్కను వేరే మట్టిలో నాటి, ఆ సాయంత్రం నాతో ఒక మాటన్నారు: "దానికి మట్టి కావాలే అమ్మాయీ. అది వెతుక్కుంటోంది, అంతే." ఆ తర్వాత నేను చదివిందీ, డాక్టరుగారు చెప్పిందీ ఈ మాటకే వచ్చి ఆగాయి.

పిల్లి కూనలు మూడు నాలుగు వారాల వయసులోనే వదులుగా ఉన్నదాన్ని గోళ్ళతో తవ్వడం మొదలుపెడతాయి. ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఏది తవ్వాలి అన్నది పాదాలకు అలవాటైనదాన్ని బట్టి ఉంటుంది. ఇళ్ళలో పుట్టి పెరిగిన పిల్లికి లిట్టరే మట్టి. వీధిలో ఏడాది రెండేళ్ళు బతికిన పిల్లికి ఇసుక, దుమ్ము, తోట మట్టి తప్ప మరొకటి తెలియదు. మనం లిట్టర్‌ని మన ముక్కుతోనూ మన పర్సుతోనూ ఎంచుకుంటాం. పిల్లి దాన్ని అరికాలితో ఎంచుకుంటుంది. వీధి పిల్లి విషయంలో నేను అన్నిటికన్నా ముందు చూసేది ఇదే. ధర, వాసన, శుభ్రం చేసే సులువు అన్నీ దీని తర్వాతే.

అందుకే మొదటి పది రోజులకు నా ఓటు ఇసుకకే. చిట్టి కోసం ఒక తట్టెడు ఏటి ఇసుక తెచ్చి, జల్లెడ పట్టి, ఎండలో బాగా ఆరబెట్టి, వెడల్పాటి టబ్బులో మూడంగుళాల మందాన పోశాను. పట్టా మీద పోసిన మూత్రాన్ని అద్దిన కాగితం ముక్కను ఒక మూల పెట్టాను. ఆ రాత్రే వెళ్ళింది. ఇక పట్టా జోలికి పోలేదు. కుండీ మీద మాత్రం ముందు జాగ్రత్తగా నెల రోజులు గులకరాళ్ళు పరిచి ఉంచాం.

ఇసుకలో కూడా తేడాలున్నాయి. రోబో శాండ్ వద్దు. అది రాళ్ళు పిండి చేసి తీసింది, గరుకుగా, అంచులు పదునుగా ఉంటుంది, దుమ్ము లేస్తుంది. రోడ్డు పక్కన కుప్పలోంచి నేరుగా ఎత్తుకు రావడం కూడా మంచిది కాదు. ఊళ్ళో పిల్లులన్నీ వాడే చోటు అది, నులిపురుగుల గుడ్లుంటాయి. శుభ్రమైన ఇసుక దొరక్కపోతే ఏ పశువూ తిరగని చోటి తోట మట్టి ఆరబెట్టి కలపొచ్చు.

మరి ఇసుకతోనే ఉండిపోవచ్చు కదా? కొందరు ఉంటారు, ముఖ్యంగా పెరడున్న ఇళ్ళలో. అపార్ట్‌మెంట్‌లో కష్టం. ఇసుక గడ్డకట్టదు. మూత్రం కిందికి దిగి అడుగున నిలిచిపోతుంది. పైన ఎంత ఏరినా అడుగున ఉన్నది అక్కడే ఉంటుంది. మే నెలలో మా వాష్ ఏరియాలో ఆ వాసన భరించలేం. రెండు మూడు రోజులకోసారి మొత్తం పారబోసి కొత్తది పోయాలి. అంత ఇసుకను మూడో అంతస్తుకి మోయడం, మళ్ళీ దించడం, పారబోయడానికి చోటు వెతకడం. మనం విసిగి రెండు రోజులు ఆలస్యం చేస్తే పిల్లి మళ్ళీ పట్టా మీదికి పోతుంది.

ఇక్కడే బెంటొనైట్ అవసరం వస్తుంది. ఇదీ మట్టే. మన దేశంలో కచ్ ప్రాంతంలో తవ్వి తీస్తారు. తడి తగిలితే ఉబ్బి, ముద్దగా గడ్డకడుతుంది. ఆ గడ్డను గరిటెతో ఎత్తేస్తే మిగతాదంతా పొడిగానే ఉంటుంది. అమెరికాలో కూడా ఒకప్పుడు పిల్లులకు ఇసుక, బూడిదే పోసేవారు. 1947లో ఎడ్వర్డ్ లో అనే ఆయన తడి పీల్చే బంకమట్టి గుళికల్ని ఇచ్చి చూశాక ఈ వ్యాపారం మొదలైంది. గడ్డకట్టే రకం 1980ల్లో వచ్చింది. నాకు ఇది నచ్చడానికి కారణం గడ్డకట్టడం ఒక్కటే కాదు. సన్న రవ్వలా ఉండే బెంటొనైట్‌ని వేళ్ళ మధ్య నలిపి చూడండి, ఉన్న రకాలన్నిట్లో ఇసుకకు దగ్గరి స్పర్శ దానిదే. వీధి పిల్లి తక్కువ గొడవతో ఒప్పుకునేది అందుకే.

కొనేటప్పుడు వాసన లేనిది అడగండి. నేను మొదట చేసిన తప్పు అదే. లావెండర్, నిమ్మ వాసనలు మనకు హాయిగా ఉంటాయి, ముక్కు మనకన్నా ఎన్నో రెట్లు చురుకైన జంతువుకి మూత ఉన్న డబ్బాలో ఆ ఘాటు భరించరానిది. బెంటొనైట్‌కి లోపాలూ ఉన్నాయి. దుమ్ము లేస్తుంది, కాళ్ళకంటుకుని గదంతా పడుతుంది, బరువు. టాయిలెట్‌లో వేస్తే ఉబ్బి పైపు మూసుకుపోతుంది, కవర్లో కట్టి చెత్తబండికే ఇవ్వాలి. రెండు మూడు నెలలలోపు కూనలకు మాత్రం గడ్డకట్టే రకం వాడకండి. అవి ప్రతిదీ నోట పెట్టి చూస్తాయి, కడుపులో కూడా అది అలాగే గడ్డకట్టొచ్చు. వాటికి ఇసుకే నయం.

మార్పు ఒక్క రోజులో చేయొద్దు. పది రోజులు పొరపాటు లేకుండా ఇసుకలో వెళ్ళాక, పైన రెండు గుప్పెళ్ళ బెంటొనైట్ చల్లాను. రెండు రోజులకోసారి ఇసుక కొంచెం తీసి అది కొంచెం పెంచాను. మూడు వారాలకు టబ్బులో ఇసుక లేదు, చిట్టికి తేడా తెలిసినట్టే లేదు. మధ్యలో ఒకసారి తొందరపడి సగానికి సగం మార్చినప్పుడు అంచు మీద నిలబడి లోపలికి చూస్తూ ఉండిపోయింది. వెంటనే వెనక్కి తగ్గాను.

టోఫు లిట్టర్‌ని చాలామంది మెచ్చుకుంటున్నారు, ఊరికే కాదు. సోయా పిప్పితో చేసింది, తేలిక, దుమ్ము బాగా తక్కువ, ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే నేనూ అదే చెప్తాను. కానీ దాని గుళికలు తుంచిన లావు సేమియాలా ఉంటాయి. ఇసుకలో పెరిగిన పిల్లి పాదానికి అది పరాయి వస్తువు. పైగా వానాకాలంలో చెమ్మ తగిలితే బూజు పట్టొచ్చు. సంచీ గట్టిగా మూసి పెట్టాలి. ధర కూడా ఎక్కువే. అలవాటు కుదిరిన పిల్లికి తర్వాత మార్చుకోవచ్చు గానీ మొదటి నెలలో నేను పెట్టను.

మిగతావి క్లుప్తంగా. పైన్ గుళికలు వీధి పిల్లి కాలికి ఇంకా పెద్దవి. రంపపు పొట్టు, ఊక చవకే కానీ ఇల్లంతా ఎగురుతాయి. సిలికా జెల్ వాసన పీలుస్తుంది, గరుకు. చించిన న్యూస్‌పేపర్ ఒక్కచోట తప్పనిసరి: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి తెచ్చిన తర్వాత కుట్లకు ఇసుక, లిట్టర్ అంటకుండా ఆ కొద్ది రోజులు అదే పరవాలి.

టబ్బు సంగతి: మూత వద్దు. వీధిలో బతికిన ప్రాణి తను కూర్చున్నప్పుడు నాలుగు వైపులా చూసుకోవాలనుకుంటుంది. పిల్లి పొడవుకి ఒకటిన్నర రెట్లుండాలి, అన్నం గిన్నెకీ వాషింగ్ మెషీన్‌కీ దూరంగా ఉండాలి. ఒక పిల్లికి రెండు టబ్బులుంటే మరీ మంచిది.

ఫినాయిల్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. పట్టా, నేల, టబ్బు అన్నీ నేను మొదట్లో ఫినాయిల్‌తో కడిగాను, మన ఇళ్ళలో అది అలవాటు కాబట్టి. చాలా ఫినాయిళ్ళలో ఉండే ఫినాల్ రకం రసాయనాలను పిల్లి కాలేయం విరిచి బయటికి పంపలేదు. తడి నేల మీద నడిచి, ఆ పాదాలనే అది నాకుతుంది. టబ్బు కడగడానికి వేడి నీళ్ళు, కాస్త మామూలు సబ్బు చాలు. అమోనియా ఉన్న క్లీనర్లు కూడా వద్దు. ఆ వాసన మూత్రంలాగే ఉండి, పోయాల్సిన చోటు ఇదేనని చెప్పినట్టవుతుంది.

ఏది పోసినా రోజూ ఎత్తేయండి. మలంలో టాక్సోప్లాస్మా (మనుషులకూ సోకి, కడుపులో బిడ్డకు హాని చేయగల) క్రిమి ఉన్నా, అంటుకునే స్థితికి రావడానికి దానికి కనీసం ఒక రోజు పడుతుంది, ఆలోపే తీసేస్తే భయం చాలావరకు తగ్గుతుంది. గర్భంతో ఉన్నవాళ్ళు ఆ పని ఇంట్లో మరొకరికి అప్పగించాలి.

ఇక మగపిల్లి అయితే, ఆపరేషన్ కాకుండా గోడలకు నిలువుగా చిమ్ముతుంటే అది లిట్టర్ సమస్య కాదు, ఆపరేషన్‌తో చాలావరకు తగ్గుతుంది. అదే పిల్లి టబ్బులో మళ్ళీ మళ్ళీ కూర్చుని, అరుస్తూ, చుక్క కూడా పోయలేకపోతుంటే లిట్టర్ మార్చి చూద్దామని ఆగొద్దు. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఆ గంటలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.