ఫియర్‌లెస్: ఆగిన పిడికిలి, ఆగని పిడికిలి

చైనా యోధుడు హువో యువాన్‌జియా కథగా తీసిన 'ఫియర్‌లెస్' చూద్దామనుకునేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఏ కాపీ చూడాలన్నది. 2006లో థియేటర్లలోకి వచ్చింది 104 నిమిషాల సినిమా. తర్వాత వచ్చిన డైరెక్టర్స్ కట్ 141 నిమిషాలు. తేడా అరగంట పైచిలుకే. ఆ అరగంటలో మిషెల్ యో కనిపించే ఈనాటి సన్నివేశం ఒకటుంది, ఒలింపిక్స్‌లో వుషుకు, అంటే చైనా యుద్ధవిద్యకు, చోటివ్వమని అడిగే ఘట్టం. పల్లెటూళ్లో ఒక థాయ్ యోధుడితో హువో చేసే పూర్తి నిడివి ఫైట్ కూడా ఉంది. ఆ థాయ్ యోధుడుగా చేసింది సోమ్‌లక్ కామ్‌సింగ్, 1996 అట్లాంటా ఒలింపిక్స్ బాక్సింగ్‌లో బంగారు పతకం గెలిచినవాడు. అంతటివాడి ఫైట్‌ను కోసేశారా అని బాధ కలుగుతుంది గానీ, కథ దృష్ట్యా కోయడమే మేలు. చేతులకు అంటిన నెత్తురు కడుక్కోవడానికి మనిషి పల్లె చేరితే, అక్కడా మళ్లీ చెయ్యెత్తించడం ఆ భాగాన్ని పలచన చేస్తుంది. మొదటిసారి చూసేవాళ్లు 104 నిమిషాలదే చూడండి, చైనీస్ ఆడియో, సబ్‌టైటిల్స్ పెట్టుకుని. నచ్చితే పెద్దది రెండో విడతకు ఉండనే ఉంది. ఇంగ్లిష్ డబ్బింగ్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

(ఇక్కణ్నుంచి కథ మొత్తం బయటపడుతుంది. తెలియకుండా చూడాలనుకుంటే ఇక్కడే ఆగండి.)

దర్శకుడు రోనీ యూ హాంకాంగ్ మనిషే. అంతకు ముందు హాలీవుడ్‌లో హారర్ సినిమాలు తీసి వచ్చాడు. ఫైట్ మాస్టర్ యువెన్ వూ పింగ్. సంగీతం జపాన్‌కు చెందిన షిగెరు ఉమెబయాషి. హువో యువాన్‌జియాగా జెట్ లీ. తన చివరి వుషు సినిమా ఇదేనని అప్పట్లో ప్రకటించాడు కూడా. యాక్షన్ వేషాలు ఆ తర్వాతా వేశాడనుకోండి, అది వేరే సంగతి. షూటింగ్ నాటికి అతనికి 42 ఏళ్లు. అసలు హువో చనిపోయింది కూడా దాదాపు ఆ వయసులోనే.

పైకి చూస్తే ఇది మనకు తెలిసిన కథే: పొగరుబోతు వీరుడు, ఒక ఘోరం, అజ్ఞాతవాసం, తిరిగి రావడం. ఈ చట్రంలో కొత్తేమీ లేదు. కానీ యువెన్ వూ పింగ్ ఈ కథ మొత్తాన్నీ ఒకే ఒక్క దెబ్బతో చెప్పాడు. ఆ దెబ్బ సినిమాలో మూడుసార్లు వస్తుంది. ఆ మూడింటినీ పట్టుకుంటే మిగతా సినిమా దానంతటదే విడిపోతుంది.

మొదటిది తండ్రిది. తియెన్‌జిన్‌లో లీతాయి మీద, అంటే నలుగురూ చూసేలా ఎత్తుగా కట్టిన పోటీ వేదిక మీద, తండ్రి హువో ఎన్‌ది (కాలిన్ చౌ) ప్రత్యర్థిని చిక్కించుకుంటాడు. దెబ్బ పడితే ఎదుటివాడు బతకడు. అందుకే పడబోయే చోట చెయ్యి ఆపేస్తాడు. ఎదుటివాడు ఆ సందు చూసుకుని కొడతాడు, తండ్రి ఓడిపోతాడు. కింద నిలబడి చూస్తున్న ఉబ్బసం పిల్లాడికి కనబడింది ఓటమి ఒక్కటే, ఆగిన చెయ్యి కనబడలేదు. ఈ షాట్‌ను రెండోసారి చూసేటప్పుడు గమనించండి. కెమెరా చేతి మీద ఉండేది కొద్ది క్షణాలే, పిల్లాడి ముఖం మీదే ఎక్కువసేపు నిలుస్తుంది. తప్పు మొలకెత్తింది అక్కడ.

రెండోది ఆ పిల్లాడు పెద్దయ్యాక కొట్టినది. ఊళ్లో తనకు ఎదురులేదని నిరూపించుకోవడానికి చావుకు బాధ్యత లేదన్న కాగితాల మీద సంతకాలు పెడుతూ, ఒక్కొక్కణ్నే వేదిక మీంచి కింద పడేస్తూ పోతాడు. అడిగినవాణ్నల్లా శిష్యుడిగా చేర్చుకుంటాడు. చిన్ననాటి స్నేహితుడు నోంగ్ జిన్‌సున్ (డోంగ్ యోంగ్) హోటల్లో అప్పు పెట్టి తాగిస్తాడు. ఒక శిష్యుణ్ని చిన్ గురువు (చెన్ జిహుయ్) చితకబాదాడని తెలియగానే కారణం కూడా అడక్కుండా, ఆయన పుట్టినరోజు విందు మీదికి వెళతాడు.

సినిమా మొత్తంలో అన్నిటికన్నా బాగా తీసిన ఫైట్ ఇదే. క్లైమాక్స్ కన్నా కూడా. రోప్‌ల వాడకం మిగతా చోట్ల తెలిసిపోతుంది గానీ ఇక్కడ తక్కువ. ఇద్దరి చేతుల్లోనూ దావ్‌లు. ఒకవైపే పదును ఉండే, వెడల్పాటి బరువైన కత్తులవి. ఈ కత్తిని మణికట్టుతో తిప్పితే సరిపోదు, నడుము నుంచి తిప్పాలి. అందుకే ప్రతి వేటుకూ ఒళ్లంతా మెలి తిరుగుతుంది, వేటు తప్పితే కత్తి బరువే మనిషిని ముందుకు లాగుతుంది. జెట్ లీ 1970ల్లో చైనా జాతీయ వుషు పోటీల్లో వరసగా ఛాంపియన్‌గా నిలిచినవాడు. పోటీ వుషులో కదలిక ఎంత అందంగా ముగిసిందన్నదానికే మార్కులు. ఈ ఫైట్‌లో మాత్రం ఆ అందాన్ని కావాలనే పాడుచేశారు. అడుగు తడబడుతుంది, ఊపిరి అందదు, బల్లలు అడ్డొస్తాయి. కత్తులు పోయి చేతుల మీదికి వచ్చేసరికి ఇద్దరూ యోధుల్లా కాదు, పశువుల్లా ఉంటారు. అప్పుడు పడుతుంది ఆ దెబ్బ, చిన్ గురువు గుండె మీద. ఈసారి చెయ్యి ఆగదు. రీరికార్డింగ్ కూడా అక్కడ వెనక్కి తగ్గుతుంది.

దాని వెనకే ఫలితం. చిన్ గురువు చనిపోతాడు. ఆయన పెంచుకున్న కొడుకు వచ్చి హువో తల్లినీ చిన్న కూతుర్నీ చంపేస్తాడు. పగ తీర్చుకోవడానికి హువో వెళితే, అతని కళ్లెదుటే ఆ కొడుకు తన గొంతు తానే కోసుకుంటాడు. ఇంతా అయ్యాక తెలుస్తుంది, తప్పంతా తన శిష్యుడిదేనని. పిల్లలతో కలిసి చూసేవాళ్లు ఈ పది నిమిషాల విషయంలో జాగ్రత్త. రక్తం పెద్దగా చూపించరు గానీ చిన్నపిల్ల చావు కలిచివేస్తుంది.

తర్వాత పల్లె. సినిమాను ఇక్కడ సాగదీశారని చాలామంది విసుక్కుంటారు. వరి నాట్లు ఎరిగినవాళ్లకు మాత్రం ఆ విసుగు రాదు. నీళ్లలో కొట్టుకొచ్చిన హువోను ఒక ముసలమ్మ మనవరాలు, చూపులేని యువెత్సి (సున్ లీ), కాపాడుతుంది. కాస్త కోలుకోగానే అతను పొలంలో దిగి నాట్లలోనూ పోటీ పడతాడు. పక్కవాడికన్నా ముందు గట్టు చేరాలని నారు ఇష్టమొచ్చినట్టు గుచ్చుకుంటూ పోతాడు. ఒత్తుగా పడిన చోట మొక్కకు గాలీ వెలుతురూ అందవు, పిలకలు వేయదు, దుబ్బు కట్టదు. అతను నాటినదంతా ఆ చూపులేని పిల్ల రాత్రిపూట వేళ్లతో తడుముతూ పీకి, కుదురుకూ కుదురుకూ ఎడం ఇచ్చి మళ్లీ నాటుతుంది. అతను గమనించేది తర్వాత. ఎవరూ అతనికి ఉపన్యాసం ఇవ్వరు. నాట్ల మధ్యలో గాలి వీస్తే ఊరు ఊరంతా నడుములెత్తి, కళ్లు మూసుకుని ఆ గాలిని ఆస్వాదించే షాట్ ఒకటుంది. హువో మాత్రం వంగిన నడుము ఎత్తకుండా పని చేస్తూనే ఉంటాడు. అతను కూడా లేచి నిలబడే రోజు వచ్చాక చికిత్స అయిపోయినట్టే.

అయితే ఆ అమ్మాయి పాత్రకు అంతకు మించి పనేమీ ఇవ్వలేదు. వైద్యురాలిలా వచ్చి, పని అయ్యాక ఎదురుచూసే మనిషిగా మిగిలిపోతుంది. ఇది సినిమాకున్న అసలు లోటు.

1907లో తియెన్‌జిన్‌కు తిరిగి వచ్చిన దగ్గర్నుంచి కథ పరుగందుకుంటుంది, మరీ ఎక్కువగా. చిన్ ఇంటికి వెళ్లి క్షమాపణ అడగడం, జిన్‌సున్‌తో తెగిన స్నేహం అతుక్కోవడం, పేపర్లో విదేశీ మల్లయోధుడు ఓబ్రయన్ సవాలు చదవడం, షాంఘై ప్రయాణం, జిన్‌సున్ తన హోటల్ అమ్మి డబ్బు పెట్టడం, యుద్ధవిద్యలు నేర్పే జింగ్‌వూ సంస్థ పుట్టడం, ఇవన్నీ ఒక పాటంత సేపట్లో అయిపోతాయి. ఇంకో చిత్రం ఏంటంటే, 1900లో విదేశీయుల మీద లేచిన బాక్సర్ల తిరుగుబాటు, విదేశీ సైన్యాల దాడి తియెన్‌జిన్‌ను కుదిపేశాయి. ఆ ఊరి యోధుడి కథలో దాని ఊసే ఉండదు. హీరో అప్పుడు నాట్లు వేస్తున్నాడన్నమాట! కోపం ఎక్కడిదో చూపించకుండా చైనాను 'తూర్పు ఆసియా రోగి' అన్న ఎగతాళి మాట మీదే దేశాభిమానమంతా మోపేశారు. విదేశీ వ్యాపారుల బృందం సిగార్లు కాలుస్తూ కుట్రలు పన్నే మామూలు విలన్లే.

ఓబ్రయన్‌గా చేసిన నేథన్ జోన్స్ దాదాపు ఏడడుగుల మనిషి. ఈ ఫైట్‌లో చూడాల్సింది పాత హువో, కొత్త హువోల తేడా. బరువుకు బరువుతో సమాధానం చెప్పడు. పట్టు చిక్కకుండా జారుకుంటూ, మోకాళ్లూ కీళ్లూ చూసుకుని తాకుతాడు. బద్దలైన వేదికలోంచి పైకి తేలిన మేకుల మీద అంతటి మనిషీ పడబోతుంటే పట్టుకుని ఆపుతాడు. నెగ్గినవాడి చెయ్యి పైకెత్తేది కూడా ఓబ్రయనే.

ఇక 1910 షాంఘై. నలుగురు విదేశీ యోధులతో ఒక్కడు. బాక్సర్, ఈటె పట్టిన సైనికుడు, స్పెయిన్ కత్తియోధుడు, వీళ్లు ముగ్గురూ సినిమా మొదట్లోనే అయిపోతారు. తర్వాతే ఫ్లాష్‌బ్యాక్. ప్రతి ఒక్కరితోనూ వాళ్ల ఆయుధానికి సరితూగే చైనా ఆయుధంతోనే తలపడతాడు: ఈటెకు ఈటె, సన్నని కత్తికి రెండంచుల జియెన్. మొదటిసారి అర్థం కాకపోయినా, మొత్తం చూశాక ఆ మొదటి పదిహేను నిమిషాలూ మళ్లీ వేసి చూడండి. ప్రతి ఫైట్‌లోనూ అతను చంపగలిగి చంపని చోటు ఒకటి దొరుకుతుంది.

జపాన్ యోధుడు తనకాగా షిదో నకమురా సినిమాను నిలబెట్టాడు. ఇద్దరూ పోటీకి ముందు టీ తాగుతూ మాట్లాడుకునే సన్నివేశంలో దెబ్బ ఒక్కటీ ఉండదు, కానీ కథకు అది మూలస్తంభం. టీ రకాల్లో ఎక్కువ తక్కువలు తనకు పట్టవంటాడు హువో. ఆ తేడాలు పెట్టింది మనుషులే గానీ ఆకు కాదని వాదన. యుద్ధవిద్యల్లోనూ అంతేనని తేలుతుంది. ఆఖరి పోరులో తనకా చేతిలో జపాన్ కత్తి కటానా, హువో చేతిలో గొలుసులతో కలిపిన మూడు ముక్కల కర్ర. ఆ కర్రతో వచ్చే చిక్కేంటంటే, మధ్య ముక్కను అదుపులో ఉంచకపోతే చివరి ముక్క తిరిగి వచ్చి కొట్టేది పట్టుకున్నవాణ్నే. పోరు మధ్యలో ఆయుధాలు చేతులు మారినప్పుడు తనకాకు జరిగేది అదే. నవ్వు తెప్పించాల్సిన చోటు, కానీ ఇద్దరి ముఖాల్లోనూ గౌరవమే కనిపిస్తుంది.

మొదటి రౌండ్ తేలదు. విరామంలో ఇచ్చిన టీలో విషం. రెండో రౌండ్ ఉత్త చేతులతో. నెత్తురు కక్కుకుంటూనే హువో ఆఖరికి తనకా గుండె దగ్గరికి పిడికిలి తెస్తాడు. చిన్ గురువును చంపిన దెబ్బ అది. ఈసారి ఆపేస్తాడు. కూలిపోతాడు. కొట్టి ఉంటే తాను బతికి ఉండేవాణ్ని కాదని తెలిసినవాడు తనకా ఒక్కడే, అందుకే హువో చెయ్యెత్తి గెలిచింది ఇతనేనంటాడు. జనం కేరింతలు అక్కడ అనవసరం. ఆ శబ్దం తగ్గించి ఉంటే ఇంకా బాగుండేది.

ఇదంతా చరిత్రేనా అంటే, చాలావరకు కాదు. హువో యువాన్‌జియా 1868లో తియెన్‌జిన్ దగ్గరి పల్లెలో పుట్టాడు, మిజోంగ్ శైలి ఆ ఇంటి విద్య. జబ్బు మనిషన్నది నిజం, 1910లో షాంఘైలో జింగ్‌వూ మొదలైందన్నదీ నిజం. అదే ఏడు చనిపోయాడు. విషం పెట్టారన్న అనుమానం అప్పటి నుంచీ ఉంది, తేలలేదు. ఊపిరితిత్తుల జబ్బు మాత్రం చాలాకాలంగా ఉన్నదే. ఓబ్రయన్‌తో పోటీకి 1909లో షాంఘై వెళ్లిన మాట నిజమే, ఆ పోటీ మాత్రం జరగనే లేదు. నోంగ్ జిన్‌సున్‌ది హోటల్ కాదు, మందుల వ్యాపారం. అన్నిటికన్నా పెద్ద మార్పు కుటుంబం. అసలు మనిషికి భార్యాపిల్లలు ఉన్నారు, వంశం ఇప్పటికీ ఉంది. వంశమే లేకుండా చూపించారని వారసులు కోర్టుకెక్కారు, కోర్టు ఆ కేసు కొట్టేసింది. వాళ్ల బాధ న్యాయమైనదే. ఆ హత్యలు లేకపోతే మాత్రం ఈ కథ నడవదు.

ఇది నచ్చినవాళ్లు తర్వాత చూడాల్సింది బ్రూస్ లీ 1972 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ'. హువో అంత్యక్రియలతో మొదలవుతుంది, శిష్యుడు చెన్ జెన్ పగ అందులో కథ. 1994లో 'ఫిస్ట్ ఆఫ్ లెజెండ్'గా మళ్లీ తీసినప్పుడు ఆ శిష్యుడి వేషం వేసింది జెట్ లీనే. గురువు ఆపేసిన పిడికిలిని శిష్యుడు ఆపకపోవడం ఆ రెండింటిలోనూ చూడొచ్చు.